మిల్లు గేటు హనుమంతప్ప, ఆయన బొచ్చుపిల్లి

బంగారు గని కూలీల ఇళ్ళ వరస, మా ఊరిగాం లైన్లో హనుమంతప్పను ఎవరూ పెళ్ళికి పిలిచేవాళ్ళు కాదు. మొహమాటానికి పిలిచినా, పంక్తిలో ఆయన పక్క విస్తరి ఖాళీగానే ఉండేది. ఆయనకు అంటురోగమేమీ లేదు. తాగడు, అరవడు, ఎవరింటి గొడవలోనూ తలదూర్చడు. ఆయన చేసిన పాపమల్లా ఒకటే, మిల్లు గేటు దగ్గర సర్చింగ్ ఉద్యోగం. పొద్దున మీ నాలుక కిందా, కాలివేళ్ళ సందుల్లోనూ వెతికిన మనిషి మధ్యాహ్నం మీ పక్కన కూర్చుని పాయసం జుర్రుతుంటే మీకు మాత్రం ముద్ద దిగుతుందా?

నేను మిల్లులో రెండేళ్ళు చేసి, గని లోపలికి దిగే షాఫ్టుకు మారినవాణ్ణి. కాబట్టి ఆయన వేళ్ళ రుచి నాకూ తెలుసు. మిల్లంటే గనిలోంచి వచ్చిన రాయిని పిండి కొట్టి, నీళ్ళలో కలిపి, బంగారాన్ని వేరు చేసే చోటు. అక్కడ పనిచేసేవాళ్ళు షిఫ్టు దిగేటప్పుడు వరసగా నిలబడాలి. హనుమంతప్ప ఒక్కొక్కరినీ తల నుంచి పాదం దాకా తడిమేవాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే అవసరం మాకు లేదు, మా భుజాలు ఆయనే తడిమేవాడు.

అన్నిటికంటే తలవెంట్రుకలంటే ఆయనకు మహా అనుమానం. వెనకటికి కొందరు మహానుభావులు తలకు చిక్కగా ఆముదం పట్టించి, లోపల బంగారపు ధూళిని జుట్టులోకి రుద్దుకుని, ఇంటికొచ్చి తలంటుకుని ఆ నీళ్ళు వడగట్టుకునేవాళ్ళట. అందుకని మిల్లులో అడుగుపెట్టేవాడి జుట్టు అంగుళం దాటకూడదని రూలు పెట్టారు. అంగుళం లోపల ఉన్నదాన్ని కూడా హనుమంతప్ప వదిలేవాడు కాదు. ఆయన జేబులో ఒక పేన్ల దువ్వెన ఉండేది. కింద తెల్లగుడ్డ పరిచి, తల వంచమని, నుదుటి నుంచి మెడ దాకా మూడు దువ్వులు దువ్వేవాడు. మా అమ్మ కూడా నాకు అంత శ్రద్ధగా తల దువ్వలేదు.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆయన ప్రతి షిఫ్టుకూ ముందు తన తలే వంచేవాడు. తన కింద పనిచేసేవాడి చేతికి దువ్వెన ఇచ్చి, "నన్ను చూడప్పా మొదట" అనేవాడు. ఆ కిందివాడికి నవ్వొచ్చేది. ఆయనకు రాదు. ముప్పై ఏళ్ళలో ఆ గేటు దగ్గర ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు.

ఎందుకింత పట్టుదల అంటే దానికో కథ ఉంది. ఆయన తండ్రి మారప్ప సొంతూరు నంగలి నుంచి వచ్చి తెల్లదొరల కాలంలో ఇదే మిల్లులో కూలి చేశాడు. ఒకరోజు అనుమానం మీద ఆయన్ని గేటు దగ్గర గోచీతో ఎండలో నిలబెట్టారు. ఏమీ దొరకలేదు, పంపించేశారు. కానీ ఆ కబురు ఆయనకంటే ముందే బస్సెక్కి నంగలి చేరింది. "దొంగతనంలో పట్టుబడినాడంట" అన్నారే తప్ప, ఏమీ దొరకలేదన్న ముక్క మాత్రం దారిలోనే రాలిపోయింది. చచ్చేదాకా మారప్ప కనపడినవాడికల్లా "నా దగ్గర ఏమీ దొరకలేదు" అని చెప్పుకుంటూనే ఉన్నాడు. అడక్కపోయినా చెప్పేవాడు. దాంతో జనానికి అనుమానం ఇంకా ముదిరింది.

కొడుక్కి ఒకటే కోరిక. పనిలోంచి దిగిపోయేనాడు కంపెనీ ఒక కాగితం ఇస్తుంది. అందులో చివరి వాక్యం, "ఇతని నడవడిలో ఏ మచ్చా లేదు" అని. ఆ కాగితానికి అద్దం కట్టించి నంగలి ఇంట్లో తండ్రి ఫొటో కింద మేకు కొట్టి తగిలించాలి. మేకు కూడా కొని ఉంచుకున్నాడు. అవును, కొన్నాడు. మా లైన్లో మేకు డబ్బిచ్చి కొన్న మనిషి ఆయనొక్కడే.

ఎందుకంటే అప్పటికి కంపెనీ జాతీయమైపోయింది. ఇంగ కంపెనీ మీదేనప్పా అని మైకులో చెప్పారు. మేము వినయం గలవాళ్ళం, చెప్పిన మాట నమ్మాం. మనదైన దాన్ని మనం ఇంటికి తెచ్చుకోవడంలో తప్పేముంది? మా ఇంటి మంచం కంపెనీ కట్టె, తలుపుకు కట్టిన గోనె కంపెనీ గోనె, మూల నిలబెట్టిన గడ్డపార షాఫ్టు నుంచి నా భుజం మీదే వచ్చింది. దాని మీద కంపెనీ గుర్తు ఇంత లోతున గుద్ది ఉంది. చిటికెడు ధూళి కోసం గోళ్ళ సందులు చూసే కంపెనీ, నాలుగడుగుల గడ్డపారను మాత్రం ఎప్పుడూ చూడలేదు. షాఫ్టు వైపు హనుమంతప్ప లేడు కదా.

ఆయన దిగిపోవడానికి రెండేళ్ళుందనగా పిల్లి వచ్చింది.

తెల్లదొరలు పోయినా దొర అనే మాట పోలేదు. మిల్లుకు కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు మన దేశం మనిషే, అయినా ఆయన దొర, ఆయన భార్య దొరసాని. ఆ దొరసాని బెంగుళూరు నుంచి ఒక పర్షియా పిల్లిని తెప్పించింది. దాన్ని చూడ్డానికి మేము బంగళా కంచె దగ్గరికి పోయాం. బూడిద రంగు బొచ్చు, జానెడు పొడుగు. మెడ చుట్టూ ఇంకా దట్టంగా, చలికి దుప్పటి కప్పుకున్నట్టు. కాళ్ళు పొట్టి, ఒళ్ళు బరువు. ముక్కు మాత్రం లేదు. ఉండాల్సిన చోట రెండు బెజ్జాలున్నాయి, అంతే. మొహం అంతా ఎవరో తలుపు వేసి అణిచినట్టు చదునుగా ఉంది. రాగికాసుల్లాంటి కళ్ళ నుంచి ఎప్పుడూ నీళ్ళు కారుతుంటాయి.

"అయ్యో, ఏడుస్తా ఉండాది పాపం" అంది మా ఆవిడ.

ఏడుపు కాదు, ఆ జాతి ముక్కు తీరే అంత. పొద్దునా సాయంత్రం తడిగుడ్డతో కళ్ళు తుడవాలట. గిన్నెలో తిండి పెడితే దాని మొహం లోపలికి పోదు, పళ్ళెంలో పరిచిపెట్టాలట. నిద్రపోతే గురక. ఎండ పనికిరాదు, గెంతడం రాదు, చెట్టెక్కడం అసలే రాదు. ఎలుకను చూపిస్తే ఎవరో చుట్టం వచ్చాడనుకుంటుంది. ఇన్ని సుగుణాలున్న ప్రాణిని డబ్బు పోసి కొనాలంటే పెద్ద ఉద్యోగమే ఉండాలి.

అన్నిటికంటే పెద్ద పని దాని బొచ్చు. పైన పొడుగు వెంట్రుకలు, లోపల దూదిలాంటి సన్నబొచ్చు, రెండు వరసలు. రెండు రోజులు దువ్వకపోతే చంకల కిందా పొట్ట మీదా ఉండలు కడుతుంది. దొరసాని వారం రోజులు దువ్వింది. ఎనిమిదో రోజుకు పిల్లి ఒంటి మీద నిమ్మకాయంత ఉండలు పదహారు. బంగళా పనివాళ్ళు తలో చెయ్యి వేసి లాగితే అది సన్నగా, చీమ అరిచినట్టు ఒక్క కూత కూసి మంచం కిందికి పోయింది. అప్పుడు దొరకు గుర్తొచ్చింది, మన గేటు దగ్గర ఒకాయన ఉన్నాడు, దువ్వెన పట్టడంలో ఆయన్ని మించినవాడు లేడని.

అలా ముప్పై ఏళ్ళు దొంగల తలలు దువ్విన చెయ్యి పిల్లి ఒంటి మీద పడింది. బంగళా వరండాలో తెల్లగుడ్డ పరిచాడు. అలవాటు. పిల్లిని ఒళ్ళో పెట్టుకుని, ఉండ మొదలును రెండు వేళ్ళతో పట్టుకుని, చర్మం లాగకుండా కొస నుంచి కొంచెం కొంచెంగా విడదీశాడు. మూడు గంటలు పట్టింది. చివరికి పిల్లి వెల్లకిలా పడుకుని పొట్ట చూపించింది. ఆ జాతికి అంత నమ్మకం ఎక్కువ, ఎవరు ఎత్తుకున్నా మెత్తగా వేలాడుతుంది. కానీ హనుమంతప్పకు ఆ సంగతి తెలియదు. తన చేతికింద వణక్కుండా పడుకున్న మొదటి ప్రాణి అదేనని ఆయన అనుకున్నాడు. ఆయన నవ్వాడని బంగళా వంటామె ఒట్టేసి చెప్పింది. మేము నమ్మలేదు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం షిఫ్టు దిగి బంగళాకు పోయేవాడు. ఆరునెలలకు దొరకు బదిలీ అయింది. దొరసాని పిల్లిని తెచ్చి హనుమంతప్ప చేతిలో పెట్టి, "పది దినాలు చూసుకో, మనిషిని పంపిస్తాను" అంది. ఆ పది దినాలు ఇంకా పూర్తి కాలేదు.

హనుమంతప్ప దాన్ని అమ్మణ్ణి అని పిలిచాడు. ఆయన భార్య గంగమ్మ మాత్రం దాన్ని ఏ పేరుతో పిలిచిందో ఇక్కడ రాయలేను. వాళ్ళకు పిల్లలు లేరు. ఒకటే గది ఇల్లు. మంచం మీద బొచ్చు, చీర మీద బొచ్చు, రాగి సంగటి ముద్దలో బొచ్చు. అది ఒళ్ళు నాక్కుని, మింగిన బొచ్చునంతా మూడు రోజులకొకసారి ఉండ చేసి పొయ్యి పక్కన కక్కేది.

"ఇదేమి పిల్లిరా సామీ! ఎలికిలు దాని పళ్ళెంలోనే తింటా ఉండాయి, ఇది చూస్తా కూసుంటాది" అని గంగమ్మ లైనంతా వినపడేలా అరిచింది. "నువ్వు పనికి పోతే ఇదీ నీతో పోవల్ల, ఇది ఇంట్లో ఉంటే నేను ములబాగలుకు పోతాను, మా అన్న ఇంటికి."

ఇంట్లో పోరు తప్పించుకోవడానికి ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. వెదురుబుట్టలో పిల్లిని పెట్టి, పైన తడిగుడ్డ కప్పి, షిఫ్టుకు తీసుకుపోయేవాడు. చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్ళికి పోయినట్టని మేము నవ్వుకున్నాం. ఆయన్ని పెళ్ళికి ఎవరు పిలిచారు గనక! గేటు గది రేకుల కప్పు, మధ్యాహ్నానికి పెనం. పర్షియా పిల్లికి ఆ వేడి పడదు. అది బుట్టలోంచి దిగి, పొట్టికాళ్ళతో మెల్లగా, పాత అధికారి తనిఖీకి పోయినట్టు మిల్లులోకి నడిచి, కంబళ్ళు ఉతికే తొట్ల పక్కన తడి సిమెంటు మీద పడుకునేది. చల్లగా ఉండేది అక్కడే.

అంగుళం జుట్టును కూడా లోపలికి రానివ్వని మనిషి, జానెడు బొచ్చున్న ప్రాణి తన కళ్ళ ముందే లోపలికి పోయి వస్తుంటే చూశాడు. కానీ చూసినట్టు ఆయనకు తెలియలేదు. ప్రేమ అంటే అదే కాబోలు. నాకు పెద్దగా అనుభవం లేదు.

మాకు మాత్రం తెలిసింది. తెలిపినవాడు పెద్దన్న, మా పక్కింటివాడు, మిల్లులో కంబళ్ళు ఉతికే పని. మిల్లులో రాతిపిండి నీళ్ళను ఏటవాలు బల్లల మీద పారించేవాళ్ళు. బల్లల మీద ఉన్ని కంబళ్ళు పరిచి ఉంటాయి. బురద పారిపోతుంది, బరువైన బంగారపు నలుసులు కంబళి నూగులో చిక్కుకుంటాయి. గంటకోసారి ఆ కంబళ్ళను తొట్లలో జాడిస్తే అడుగున మిగిలేదే కంపెనీ సొమ్ము. పెద్దన్న ఇరవై ఏళ్ళుగా జాడిస్తున్నాడు. ఒకనాటి సాయంత్రం హనుమంతప్ప వాకిట్లో పిల్లిని దువ్వుతూ, రాలిన బొచ్చును జాగ్రత్తగా ఏరి సంచిలో వేసుకుంటుంటే పెద్దన్న చూశాడు. చూసి మా ఇంటికి పరుగెత్తుకొచ్చి నన్ను పేరు పెట్టి పిలిచాడు.

"పిల్లప్పా! కంబళి బొచ్చులో బంగారు తగులుకుంటాది కదా?"

"తగులుకుంటాది."

"మరి పిల్లి బొచ్చులో తగులుకోదా? అది నా తొట్టి పక్కనే కదా పొర్లాడేది? కంబళి రంగే, కంబళి బొచ్చే. ముప్పై ఏండ్లు మన తలలు దువ్వినోడు ఇంగ దువ్వేది ఏమని అనుకుంటివి?"

ఈ ప్రపంచంలో ఇంకే ఊరివాడికీ ఈ ఆలోచన రాదు. మాకు వచ్చింది. వచ్చాక నిద్ర పోయింది. నిజానికి హనుమంతప్ప ఆ బొచ్చును ఏరుతున్నది గంగమ్మ భయానికి. సంగటిలో పడకుండా సంచిలో వేసి, సంచి నిండితే తలదిండు కుట్టుకుందామని. కానీ తలదిండు కోసమని ఎవరైనా చెబితే మేము నమ్ముతామా? మేము బంగారు గనిలో పుట్టినవాళ్ళం.

ఆ వారం నుంచి లైన్లో జీవకారుణ్యం పొంగిపొర్లింది. ముప్పై ఏళ్ళు హనుమంతప్ప ఇంటి వైపు చూడనివాళ్ళు గిన్నెలతో పాలు పట్టుకొచ్చారు. "అమ్మణ్ణికి ఎండ తగిలినట్లుండాదన్నా, రొంచేపు మా ఇంట్లో పెట్టుకుంటాము" అని నా భార్య అడిగింది. పిల్లులంటే తుమ్ములొచ్చే మనిషి ఆమె. పెద్దన్న అయితే ఏకంగా, "దానికి పేలు పట్టుంటాయన్నా, నేను నీళ్ళు పోస్తాను, ఉతికేది నా పనే కదా" అన్నాడు. హనుమంతప్ప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లైను తనను మనిషిగా చూస్తోందనుకున్నాడు. "పాపం, మీరంతా ఎంత మంచోళ్ళప్పా" అని పిల్లిని పెద్దన్న చేతిలో పెట్టాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది. రాకుండా ఉంటే బాగుండును.

పర్షియా పిల్లికి స్నానం పోస్తే లోపలినుంచి వేరే పిల్లి బయటపడుతుంది. అంత బొచ్చూ ఒంటికి అంటుకుపోయి, పిడికెడు ప్రాణి మిగులుతుంది. అది గోళ్ళు చాచలేదు, పారిపోలేదు, పెద్దన్న చేతుల్లో వేలాడుతూ చదును మొహంతో మమ్మల్ని చూసింది. పెద్దన్న దాన్ని కంబళి జాడించినట్టే జాడించాడు. ఆ నీళ్ళను నేను చెక్క పళ్ళెంలో తిప్పి తిప్పి వంచాను. అడుగున నల్ల ఇసుక, దాని మధ్య రెండు మెరుపులు. నేనూ, మా ఆవిడా, పెద్దన్నా పళ్ళెం మీదికి వంగాం. ఎండలో పెట్టి గోటితో నొక్కితే పొడి పొడిగా రాలాయి. అభ్రకం ముక్కలు. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాం గానీ, పిల్లిని ఉతికి అభ్రకం పట్టినవాళ్ళం మేమే.

బంగారం లేదని ఒప్పుకోవచ్చు కదా? ఒప్పుకోలేదు. బంగారమంతా హనుమంతప్ప ముందే దువ్వుకున్నాడు, మనకు పిప్పి మిగిల్చాడు అన్నాడు పెద్దన్న. అంతే, నెల తిరక్కుండా కంపెనీ ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం పోయింది. ఎవరు రాశారంటే ఏం చెప్పను? చేతిరాత ఒకరిది, కాగితం ఒకరిది, మాటలు అందరివీ. తిలాపాపం తలా పిడికెడు. హనుమంతప్ప పనిలోంచి దిగడానికి అప్పటికి మూడు నెలలే ఉంది.

విచారణకు ఇద్దరు అధికారులు వచ్చారు. మిల్లు ఆవరణలో బల్ల వేశారు. హనుమంతప్పను పిలిచి ఉత్తరం చదివి వినిపించారు. నేను షాఫ్టు పని ఎగ్గొట్టి కంచె బయట నిలబడి చూశాను. తండ్రిని నిలబెట్టింది కూడా ఆ గేటు దగ్గరే. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. ఉత్తరం మొత్తం విని నెమ్మదిగా అన్నాడు.

"ఇది నాకు తోచలేదు సార్. తోచవలసింది. అందరి తలలూ చూసినాను, దీన్ని చూడలేదు. ఇప్పుడే చూద్దాము."

తెల్లగుడ్డ తనే పరిచాడు. బుట్టలోంచి పిల్లిని తీసి, పేన్ల దువ్వెనతో చెవుల వెనక నుంచి తోక కొస దాకా దువ్వాడు. ముప్పై ఏళ్ళు మమ్మల్ని దువ్వినట్టే, ఎక్కడా ఒక వెంట్రుక వదలకుండా. అది గురక పెట్టింది. దువ్విన బొచ్చును కాగితంలో మడిచి బల్ల మీద పెట్టాడు. ఎవరూ అడక్కుండానే ఇంటికి పోయి తలదిండు కూడా తెచ్చి పెట్టాడు. "ఏడాది పైన బొచ్చు సార్. అంతా దీంట్లోనే ఉండాది."

బంగారం పాలు తేల్చే పరీక్షశాల మిల్లు పక్కనే ఉంది. అక్కడ తలదిండును కాల్చి, బూడిదను మూసలో కరిగించారు. నాలుగో రోజు ఫలితం వచ్చింది. అడుగున బంగారం ఉంది. ఆవగింజలో నూరోవంతు, కంటికి కనపడనంత నలుసు. అయితే పరీక్షశాలవాళ్ళు పద్ధతి గల మనుషులు. రాయికి ఎలా లెక్క కడతారో బొచ్చుకూ అలాగే, టన్నుకు ఇన్ని గ్రాములని కట్టారు. కట్టి బిత్తరపోయారు. మా గని రాయిలో ఆ రోజుల్లో టన్నుకు వస్తున్న బంగారానికి పిల్లి బొచ్చు మూడింతలు ఇస్తోంది.

దేశం మొత్తం మీద లాభంలో నడిచే గని ఒక్కటే మిగిలిందని, అది హనుమంతప్ప బుట్టలో గురక పెడుతోందని ఊరంతా నవ్వింది. అధికారులు నవ్వలేదు. ఆ అంకె కాగితం మీద ఉంటే పైవాళ్ళు రేపు గనిని మూసి పిల్లులను పెంచమంటారు. అందుకని పెద్ద అధికారి హనుమంతప్పను గదిలోకి పిలిచి, టీ ఇప్పించి, కాగితం ముందుకు తోశాడు. అందులో "పరీక్షలో ఏమీ దొరకలేదు" అని ఉంది.

"సుమ్నే సైన్ హాకప్పా, ఊరికే సంతకం పెట్టేయ్. నీకూ మంచిది, మాకూ మంచిది. నీ కాగితం నీకొస్తాది, మచ్చ లేదని."

మనలో ఎవరైనా అయితే సంతకం చేసి, ఇంకో టీ అడిగి ఉండేవాళ్ళం. ఏమీ దొరకలేదు! తండ్రి జీవితమంతా చెప్పుకుని చెప్పుకుని నమ్మించలేకపోయిన మాట, అచ్చులో, కంపెనీ ముద్రతో, చేతికొచ్చింది. నంగలి గోడకు మేకు కొట్టడమే తరువాయి.

హనుమంతప్ప ఆ కాగితాన్ని వెనక్కి తోశాడు.

"దొరికింది కదా సార్. మా నాయన కాడ దొరకలేదు, అది నిజము. నా కాడ దొరికింది, ఇది నిజము. రెండూ ఒకే మాటగా రాసేస్తే ఆయన మాట కూడా అబద్ధమైపోతాది."

వేరే కాగితం అడిగి, తన చేత్తోనే రాసిచ్చాడు. తనకు తెలియకుండానే తన పిల్లి ఒంటి మీద కంపెనీ బంగారం గేటు దాటిందని, చూడకపోవడం తన తప్పని, ఆ నలుసును తిరిగి మిల్లులోనే కలపమని. ఆ అధికారికి అంతకంటే పెద్ద తలనొప్పి ఉద్యోగంలో ఎప్పుడూ తగిలి ఉండదు. కాగితాన్ని ఫైలులో పెట్టక తప్పలేదు. మూడు నెలల తర్వాత హనుమంతప్ప దిగిపోయినప్పుడు ఇచ్చిన కాగితంలో చివరి వాక్యం లేదు. దాని చోటు ఖాళీగా ఉంది.

విచారణ ముగిసిన రోజే పిల్లికి జుట్టు రూలు అమలుచేశాడు. ఎవరూ చెప్పలేదు. కత్తెర తెచ్చుకుని వాకిట్లో కూర్చుని, అంగుళానికి కత్తిరించాడు. అంత పెద్ద అమ్మణ్ణి సన్నటి మెడతో, పెద్ద తలతో, ముసలి పంతులులా మిగిలింది. గంగమ్మ గుమ్మంలో నిలబడి చూసి, లోపలికి పోయి, తన పాత చీర చింపి తెచ్చి దాని ఒంటికి చుట్టింది.

"చలి పుడతాది దానికి" అంది. మళ్ళీ ములబాగలు మాట ఎత్తలేదు.

ఇక మా లైను సంగతి. మేము ఆయన్ని వెలివేశామని మీరు అనుకుంటున్నారు కదూ? మా లైను మీకు తెలియదు. తానే రాసి ఒప్పుకున్నాడు, బంగారం గేటు దాటించాడు, అయినా జైలుకు పోలేదు! ఇంత తెలివి గల మనిషిని ముప్పై ఏళ్ళు గుర్తించనందుకు మేము సిగ్గుపడ్డాం. ఆ నెలలోనే ఆయనకు నాలుగు పెళ్ళి పత్రికలు వచ్చాయి. పంక్తిలో ఆయనకు అటూ ఇటూ కూర్చోవడానికి పోటీ. నీతిగా బతికినన్నాళ్ళూ పక్క విస్తరి ఖాళీ, దొంగ అనుకున్నాక ముందు వడ్డన ఆయనకే. "ఎంత ఉంటాదన్నా మొత్తం?" అని పెద్దన్న చెవిలో అడిగాడు కూడా.

హనుమంతప్ప విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. నేను వెంట పోయాను. చెప్పుల కోసం వెతుకుతూ నాతో అన్నాడు. "నేను దొంగను కాదని ముప్పై ఏండ్లు గేటు కాడ నిలబడి చెప్పినాను పిల్లప్పా. దొంగనంటేనే మీకు నేను కావాల్సొచ్చినాను. నాకు ఈ అన్నం గొంతు దిగలేదు." ఆయన కళ్ళలో నీళ్ళు చూశాను. ఏదో ఒకటి చెప్పవలసింది. పాయసం ఇంకా వడ్డించలేదని గుర్తొచ్చి నేను వెనక్కి పోయాను.

అమ్మణ్ణి బొచ్చు మళ్ళీ పెరిగింది. ఆయన మళ్ళీ దువ్వాడు, కానీ దువ్విన బొచ్చును వాకిట్లో అందరికీ కనపడేలా గాలికి వదిలేసేవాడు. అదీ మాకు నాటకంలాగే కనపడింది. ఆ జాతి మామూలుగా పన్నెండు, పదిహేనేళ్ళు బతుకుతుందట. ఇది పదమూడో ఏట, ఎండాకాలంలో, ఆయన ఒళ్ళో గురక పెడుతూ పెడుతూ ఆపేసింది. ఆయన దాన్ని గంగమ్మ చీరముక్కలో చుట్టి, పేన్ల దువ్వెనను కూడా అందులోనే పెట్టి, ఇంటి వెనక గుంత తీసి పూడ్చాడు. మూటలో ఏదో గట్టిది ఉందని పెద్దన్న భార్య చూసింది. ఆమె చూసిందని లైనంతా చూసింది.

మర్నాడు తెల్లారేసరికి గుంత తవ్వి ఉంది. చీరముక్క విప్పి పారేసి ఉంది. పిల్లి మట్టిలో పక్కకు పడి ఉంది, దాని బొచ్చు పిడికెళ్ళతో పెరికి ఉంది. దువ్వెన విరిగి రెండు ముక్కలైంది. బంగారం ఏమీ లేదు. నేను ఇంత వివరంగా ఎలా చెప్పగలుగుతున్నానని మీరు అడగకముందే చెప్పేస్తాను. తవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

పొద్దున ఎనిమిది గంటలకు మా తలుపు చప్పుడైంది. తీస్తే హనుమంతప్ప. ఆయన పంచెకు మట్టి ఉంది, మళ్ళీ పూడ్చి వచ్చినట్టున్నాడు. చేతిలో మా గడ్డపార. గుంత పక్కనే వదిలేసి వచ్చానని నాకు అప్పుడు తెలిసింది. దాన్ని కడిగాడు. తడి కూడా తుడిచాడు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. తిడతాడని చూశాను, తిట్టమని లోపల మొక్కుకున్నాను కూడా.

"మీదే కదప్పా?"

"అవునన్నా."

ఆయన గడ్డపారను నా చేతిలో పెట్టి, దాని నడుమున గుద్ది ఉన్న గుర్తు మీద బొటనవేలితో తడిమాడు. ముప్పై ఏళ్ళ అలవాటు వేలు.

"దీని మింద కంపెనీ గుర్తు ఉండాది. ఇది ఇంట్లో పెట్టుకునేది కాదు. షిఫ్టుకు పోయినప్పుడు వాపసు చేసేయ్" అన్నాడు. అని వెళ్ళిపోయాడు.

చేద్దామనే అనుకున్నాను. ఆ వారం కాకపోతే పై వారం అనుకున్నాను. హనుమంతప్ప పోయాడు, గంగమ్మ నంగలికి వెళ్ళిపోయింది, ఆ మేకును కూడా మూటలో కట్టుకునే పోయింది. తర్వాత గనే మూతపడింది. మిల్లు గేటుకు ఇప్పుడు తాళం కూడా లేదు, మేకలు తిరుగుతున్నాయి. వాపసు తీసుకునేవాళ్ళు ఎవరూ లేరు. గడ్డపార మా తలుపు వెనకే ఉంది.